గేటు బయట ఎలకచెవి మొక్కలు

మామయ్య మంచం పక్క నుంచి,
చలి ఇంకా వదలని రోజులు

అక్కకు,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టబోయి పెన్ను ఆపేశాను. మామయ్య పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి, లోపల రేకు వేసి, ఇంటికి పంపించారు. ఎముక అతుక్కునేదాకా మంచం దిగకూడదట. ఆయన వయసుకు అది ఎన్నాళ్ళు పడుతుందో డాక్టరు కూడా ఖాయంగా చెప్పడం లేదు. ఫోన్ చేద్దామంటే ఇది రెండు గదుల ఇల్లు, గుసగుసలాడినా మంచం దాకా వినిపిస్తుంది. నీ మాట ఎత్తితే ఆయన, ఆయన మాట ఎత్తితే నువ్వు ముఖం తిప్పుకునే మనుషులు. మధ్యలో ఉన్నదాన్ని నేను. అందుకే ఉత్తరం.

పడింది మెట్ల మీదా కాదు, స్నానాల గదిలోనూ కాదు. పెరట్లో, తన పూలమడి దగ్గర. ఆ మడి నువ్వు చూడలేదు, నువ్వు వెళ్ళిపోయాక మొదలుపెట్టాడు. ఫర్గెట్-మి-నాట్ అంటారట ఆ మొక్కల్ని. డిపోలో తోటి డ్రైవరు ఒకాయన రిటైరవుతూ గుప్పెడు గింజలు చేతిలో పోసి వెళ్ళాడు. ఆ పేరు పట్టుకుని నువ్వేమీ ఊహించుకోకు, మామయ్యకు ఆ పేరు నోరే తిరగదు. ఆకులు మెత్తటి నూగుతో ఎలక చెవుల్లా ఉంటాయని ‘ఎలకచెవి మొక్క’ అంటాడు. నాకూ అదే అలవాటైపోయింది.

ఇప్పుడు మంచం కిటికీ పక్కకు జరిపించుకుని, పడుకునే నాతో తోటపని చేయిస్తున్నాడు. ఇటు కలుపు తియ్యి, అటు నీళ్ళు ఎక్కువయ్యాయి, ఆకుల మీద పొయ్యొద్దు, మొదట్లో పొయ్యి. జీవితమంతా బస్సు నడిపిన మనిషి కదా, ఇప్పుడు ఆయన బస్సుని నేనే. తెల్లవారి లేచి ఆయనకు ఒళ్ళు తుడిచి, పక్కబట్టలు మార్చి, మడికి నీళ్ళు పోసి, బట్టల కొట్టుకు వెళ్ళి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లన్నీ పొట్టి చేసి, ఇంటికొచ్చి మళ్ళీ ఒళ్ళు తుడుస్తాను. నేను లేనప్పుడు పక్కింటావిడ వచ్చి చూసి వెళ్తుంది. రాత్రిళ్ళు లేచి అటూ ఇటూ తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుందట. నాకు తెగని నిద్ర ఎలా ఉంటుందో మరిచిపోయాను.

ఒక్క వారం రాగలవా అక్కా? మీ ఇద్దరినీ కలపాలన్న ఆశతో అడగడం లేదు, ఆ ఓపిక నాకు లేదు. ఒక వారం నిద్రపోవాలని అడుగుతున్నాను.

చిట్టి

*

పశువుల ఆసుపత్రి, మందుల గది

చిట్టికి,

సెలవు దొరకలేదని రాస్తే సరిపోయేది. నీకు అబద్ధం రాయబుద్ధి కాలేదు. సెలవుంది. రాను.

అమ్మా నాన్నా పోయాక అమ్మ తమ్ముడై పుట్టినందుకు మనిద్దరినీ తెచ్చి పెంచాడు. ఎవరూ అడక్కుండానే పెంచాడు. మన కోసం పెళ్ళి కూడా మానుకున్నాడు. ఇవన్నీ నాకు గుర్తున్నాయి, నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు. కానీ, ముందొక పెళ్ళయి విడిపోయిన మనిషిని చేసుకుంటానన్నందుకు ఆయన గుమ్మంలో నిలబడి ఏమన్నాడో నీకూ గుర్తుండాలి. “ఈ గుమ్మం దాటితే మళ్ళీ ఎక్కొద్దు. నేనూ నీ గుమ్మం తొక్కను.” నువ్వు తలుపు వెనక నిలబడి ఏడుస్తున్నావు. నేను దాటాను.

పదేళ్ళ పైమాట. పాప పుట్టినప్పుడు కబురు పెట్టాను, రాలేదు. పాపకు జబ్బు చేసి ఆసుపత్రిలో పెట్టినప్పుడు నువ్వే ఆయనకు చెప్పానన్నావు, అప్పుడూ రాలేదు. ఆయన ఒక్క అడుగు వేసి ఉంటే మిగతా దారంతా నేను పరిగెత్తి వచ్చేదాన్ని. ఆయన పంతం ఆయనకు ముద్దు. నాది నాకు.

నీ నడుం మాత్రం విరగ్గొట్టుకోకు. ఒళ్ళు తిప్పడానికి ఆయన్ని ఎత్తుతున్నావని నాకు తెలుసు, నువ్వలాంటి మొద్దువే. మా దగ్గర ఆపరేషనైన పెద్ద కుక్కల్ని ఎవరూ ఎత్తరు. దుప్పటి మడిచి ఒంటి కింద పరిచి, అవతలి అంచు పట్టుకుని మన వైపు లాగితే తనంతట తనే దొర్లుతుంది. వీపు ఎప్పుడూ పొడిగా ఉండాలి. ఎర్రబడితే రుద్దకు, ఆ పక్కకు పడుకోబెట్టడం మానెయ్యి.

అక్క

*

అదే మంచం పక్క నుంచి

అక్కకు,

దుప్పటి పనిచేసింది. ఆయన పర్వతంలా పడుకుని ఉంటాడు, ఇలా లాగితే అలా దొర్లాడు. ఎవరు చెప్పారని అడిగాడు. నర్సు చెప్పిందన్నాను. కుక్కల వైద్యమని తెలిస్తే ఆ రోజుకు అన్నం మానేసేవాడు.

నువ్వు రానన్నావు కాబట్టి మళ్ళీ అడగను. ఊరికే రాస్తాను, రాసినంతసేపు కూర్చుని ఉంటాను కదా.

ఈ మొక్కల సంగతి చెప్తాను విను. ఇంత మొండి మొక్కని నేను చూడలేదు. ఈ ఏడు మొలిస్తే ఈ ఏడు పుయ్యదు. నేలకు అంటుకుని ఆకులేసి కూర్చుంటుంది. చలంతా అలాగే గడిపి, చలి వదిలాక పూస్తుంది. తెలియనివాళ్ళు కలుపనుకుని మొదటి ఏడే పీకేస్తారు. నేనే మొదట్లో సగం మడి పీకి పెట్టాను, మామయ్య రెండు రోజులు మాట్లాడలేదు. ఎవరి పెరట్లోనైనా మొగ్గ గులాబీ రంగులో వచ్చి, విచ్చుకున్నాక నీలం అవుతుంది. ఈయనకు ఆ మారడం నచ్చలేదు. ఒక ఏడు ఒకే ఒక్క మొక్క మారకుండా గులాబీ రంగులోనే ఉండిపోయిందట. దాని గింజలు దాచి, చల్లి, నీలమైన వాటినన్నిటినీ పీకేసి, మళ్ళీ గులాబీవే దాచి, ఏళ్ళ తరబడి ఇదే పని. ఇప్పుడు మడంతా గులాబీ రంగే. కొట్లో కొన్న గులాబీ రకం ఒకసారి వేసి చూశాడు, రెండో తరానికే నీలానికి తిరిగిపోయింది. ఈయనవి తిరగవు. మాట మీద నిలబడే పూలు అంటాడు గొప్పగా. నాకైతే ఒళ్ళు మండుతుంది.

పూత అయిపోయాక మొక్కలు బూడిద తెగులు పట్టి చూడ్డానికి అసహ్యంగా అవుతాయి. అప్పుడు ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ పీకి, మడి మీదే దులిపి గింజలు రాలుస్తాడు. ఈసారి ఆ పని నాదేనని ఇప్పటినుంచే చెప్తున్నాడు. కర్ర ఒకటి పెట్టుకున్నాడు, కిటికీ ఊచల్లోంచి దాన్ని చాపి ఎక్కడ కలుపుందో చూపిస్తాడు.

నిన్న కొట్లో ఒకాయన ప్యాంటు ఒక కాలు పొట్టి చేసి రెండోది మరిచిపోయి ఇస్తీ చేసి ఇచ్చేశాను. ఆయన వేసుకుని బయటికొచ్చి నిలబడ్డాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఓనరమ్మ నవ్వలేదు.

చిట్టి

*

వంటింటి బల్ల మీద,
ఎండ మొదలైన వారం

చిట్టికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి వీధిలోకి వెళ్ళి వచ్చాను. ఎందుకో చెప్తాను.

మా గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల, మున్సిపాలిటీ కుళాయి ఉంది, నీకు తెలుసు. కుళాయి వెనక మోకాలెత్తు గోడ. ఆ గోడ మొదట్లో ఏటా ఒక కలుపు మొక్క గుబురుగా లేస్తుంది. మా వీధి శుభ్రం మా ఇళ్ళవాళ్ళమే చూసుకుంటాం, ఆ గోడ వైపు వంతు నాది. ఏటా పీకేదాన్ని. ముదరనిస్తే దాని గింజలు పిల్ల మేజోళ్ళకు అంటుకుంటాయని, ఆ దారిన వెళ్ళిన కుక్కల బొచ్చులో చిక్కుకుంటాయని విసుక్కునేదాన్ని. మా క్లినిక్కుకు వచ్చే వీధి కుక్కల ఒంట్లోంచి ఇలాంటి కలుపు గింజలు ఎన్ని దువ్వి ఉంటానో. ఈసారి ఆసుపత్రిలో మనిషి తక్కువై రెండు పూటలా పనిచేస్తున్నాను, పీకే ఓపిక లేక వదిలేశాను. అవి పూశాయి.

గులాబీ రంగు. ఒక్కటీ నీలం లేదు. ఆకు తడిమి చూశాను. ఎలక చెవే.

ఇక్కడ ఎవరూ ఈ మొక్క పెంచరు. చుట్టుపక్కల అడిగాను, పేరు కూడా ఎవరికీ తెలియదు. నీ బట్టలకు అంటుకుని వచ్చాయేమో అనుకున్నాను. కానీ నువ్వు వచ్చినప్పుడల్లా ఆటో దిగి గేటు తోసుకుని నేరుగా లోపలికొస్తావు. నీ వల్ల వస్తే గేటు లోపల మొలవాలి కదా. గేటు లోపల ఒక్కటీ లేదు. వెతికాను. రోడ్డు ఇవతల ఎక్కడా లేదు. అన్నీ ఆ గోడ కింద, ఒక మనిషి నిలబడేంత చోటులో.

ఒక రెమ్మ కాగితంలో పెట్టి పంపుతున్నాను. ఆయన పువ్వేనా కాదా అదొక్కటి చూసి చెప్పు. ఇంకేమీ రాయకు.

అక్క

*

పెరటి గడప మీద కూర్చుని

అక్కకు,

ఆయన పువ్వే. మడిలో పూసిన వాటి పక్కన పెట్టి చూశాను. నువ్వు ఇంకేమీ రాయొద్దన్నావు గానీ రాయాలి.

ఈ గింజ గాలికి ఎగరదు. తల్లి మొక్క కాళ్ళ దగ్గరే రాలుతుంది, లేదా దేనికైనా అంటుకుని వెళ్తుంది. ఈ మాట చెప్పింది మామయ్యే. ఆయన ప్యాంట్లు నేనే కుడతాను, పాతకాలం మోస్తరుగా కింద అంచు పైకి మడిచి కుట్టాలి, లేకపోతే వేసుకోడు. మోకాళ్ళ మీద కూర్చుని మడి దులిపితే ఆ మడతల నిండా గింజలు చేరతాయి. ఉతికే ముందు దులపమని నెత్తీ నోరూ కొట్టుకునేదాన్ని.

ఏటా మడి దులిపిన మర్నాడు బస్సెక్కి వెళ్ళేవాడు. పింఛను ఆఫీసుకు వెళ్ళి బతికే ఉన్నానని సంతకం పెట్టి రావాలనేవాడు. పొద్దున వెళ్తే చీకటిపడ్డాక వచ్చేవాడు. నేనే తిండి కట్టిచ్చి పంపేదాన్ని. మొన్న చలికాలంలో ఈయన కదల్లేడని బ్యాంకు అమ్మాయి ఇంటికొచ్చి ఆ సంతకం తీసుకుంది. ఏటా మా కౌంటర్ దగ్గరే పెట్టేవారు కదండీ, ఈసారి నేనే వచ్చాను అంది. వీధి చివర బ్యాంకు. ఆ రోజు ఆయన ఒళ్ళు కాలిపోతోంది, నేను ఆ మాట పట్టించుకోలేదు.

నీ రెమ్మ తీసుకెళ్ళి దుప్పటి మీద పెట్టాను. మన మడిలోదేగా అన్నాడు. కాదు, అక్క వాళ్ళ కుళాయి దగ్గరిది అన్నాను. చాలాసేపు దాన్నే చూశాడు. గాలికి వెళ్ళి ఉంటాయిలే అన్నాడు. ఏ గాలికి మామయ్యా అన్నాను. గోడ వైపు తిరగబోయాడు, తిరగలేడు కదా. నేను దుప్పటి లాగితే తప్ప ఎటూ తిరగలేడు. నేను లాగలేదు. అప్పుడు చెప్పాడు.

“గుమ్మం తొక్కనన్నాను. తొక్కలేదు.”

అంతే. తరవాత నీళ్ళు అడిగాడు. నేను అడిగితే ఇంకొంచెం చెప్పాడు. కుళాయి గట్టు మీద కూర్చునేవాడట. బూట్లలో గింజలు పడి గుచ్చుకుంటే విప్పి, ప్యాంటు మడతలు తిరగేసి అక్కడే దులుపుకునేవాడట. పాప బడి నుంచి రావడం చూసి, నువ్వు దీపం వెయ్యడం చూసి ఆఖరి బస్సుకు తిరిగి వచ్చేవాడట. పాప పుట్టిన ఏడు కూడా వచ్చాడు. పాపకు జబ్బు చేసినప్పుడు రెండుసార్లు వచ్చాడట, ఆసుపత్రి వరండాలో స్తంభం అవతల కూర్చున్నాడట. ఎవరైనా అడిగితే ఏం చెప్పేవాడివని అడిగాను. బస్సు కోసం అని చెప్పేవాణ్ణి అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు అక్కా. వచ్చేంత తీరిక లేదు. నీకు తెలియాలనిపించింది.

చిట్టి

*

వంటింటి బల్ల మీద

చిట్టికి,

ఇది తెలిస్తే నా మనసు కరిగిపోతుందని నువ్వు అనుకుని ఉంటావు. కరగలేదు. కోపం వచ్చింది.

ఆ గోడ మా వంటింటి కిటికీకి ఎదురు. గిన్నెలు తోముతూ రోజూ చూసేది దాన్నే. ఎన్నిసార్లు తల ఎత్తానో, ఎన్నిసార్లు ఎవరో ముసలాయన బస్సు కోసం కూర్చున్నాడని తల దించుకున్నానో నాకే తెలియదు. బట్టతల మీద తువ్వాలు వేసుకుని కూర్చుంటే పక్కనున్నవాళ్ళకే గుర్తుపట్టడం కష్టం. పురిటి నొప్పులు వచ్చిన పూట మీ బావ ఊళ్ళో లేడు. మా వీధి చివర ఇస్తీ చేసే ఆవిడ నన్ను తీసుకెళ్ళింది. పాప జబ్బులో ఆ వరండాలో నేను ఒంటరిగా కూర్చుని, మన మనిషంటూ ఒక్కరొచ్చి పక్కన కూర్చుంటే చాలు అనుకున్నాను. స్తంభం అవతల కూర్చున్నాడా! అవతల!

ఆయన చూసుకున్నాడు. నన్ను చూసుకుని, నా పిల్లను చూసుకుని, కడుపు నింపుకుని ఇంటికెళ్ళాడు. మాట కూడా తప్పలేదు. మరి నాకేం వచ్చింది? ఏటా వంగి పీకాల్సిన కలుపు వచ్చింది. రోడ్డు దాటితే సరిపోయేది చిట్టీ. నాలుగు అంగల్లో దాటే రోడ్డు. ఊళ్ళ మీదుగా బస్సు నడిపిన మనిషికి ఆ రోడ్డు దాటడం చేతకాలేదా?

మొన్న సాయంత్రం వెళ్ళి, పూత అయిపోవచ్చిన ఆ మొక్కలన్నీ వేళ్ళతో సహా పీకేశాను. కోపం తీరక గోడకేసి బాదాను. కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునేవాళ్ళు బిందెలు వదిలి నన్నే చూశారు. చూడనీ.

నేను రావడం గురించి ఇక అడగకు. ముందు రాకపోవడానికి ఒక కారణం ఉండేది, ఇప్పుడు రెండున్నాయి.

అక్క

*

అక్కకు,

ఎక్కడినుంచి రాస్తున్నానో రాయడం మరిచిపోయాను. వంటింటి నేల మీద నుంచి.

ఆయన వచ్చాడా, రోడ్డు దాటాడా లేదా అన్నది మీ ఇద్దరి తగువు. నీ కోపం న్యాయమైనదే. నేను తప్పుపట్టను. కానీ మీ ఇద్దరూ మాట మీద నిలబడి ఉన్నారు, మధ్యలో ఒళ్ళు తుడుస్తున్నది నేను. ఇది మీకెవరికీ తట్టలేదు.

కొట్లో ఓనరమ్మ మొన్న నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగానే చెప్పింది. ఒక పెళ్ళి కోటుకు ఎడమ చెయ్యి కుడి వైపు కుట్టాను. ఇంకోసారైతే వేరే మనిషిని చూసుకుంటానంది. ఆమె మంచిదే, ఇన్నాళ్ళు ఓపిక పట్టడమే ఎక్కువ.

అది కాదు నేను చెప్పాలనుకున్నది. నిన్న కొట్టుకు సెలవు. మధ్యాహ్నం ఆయన పిలిచాడు. దాహం వేసి ఉంటుంది. నేను వంటింట్లో ఉన్నాను, వినిపించింది. లేవలేదు. మళ్ళీ పిలిచాడు. వినపడనట్టు కూర్చున్నాను. ఆయన గొంతు పెద్దదై, తరవాత చిన్నదై, ఆగిపోయింది. ఆగిపోయినందుకు నాకు హాయిగా అనిపించింది అక్కా. హాయిగా. చాలాసేపటికి లేచి నీళ్ళు తీసుకెళ్ళాను. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తాగి, “పనిలో ఉన్నావా అమ్మా” అన్నాడు.

నాకు భయమేస్తోంది. ఆయన గురించి కాదు. రేపు ఇంకెంతసేపు లేవకుండా కూర్చుంటానో అని.

చిట్టి

*

పశువుల ఆసుపత్రి, డాక్టరు బల్ల మీద

చిట్టీ,

శుక్రవారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను.

ఆయన కోసం కాదు, ఇది స్పష్టంగా తెలుసుకో, ఆయనకూ చెప్పు. నీ కోసం వస్తున్నాను. ఇన్నాళ్ళూ నేను ఆయన గుమ్మం అనుకుంటూ వచ్చాను. ఆ గుమ్మం వెనక నువ్వు కూడా ఉంటున్నావని నీ ఉత్తరం చదివాక గానీ నా బుర్రకు ఎక్కలేదు. మందుల గదిలో నిలబడి చదివి, అక్కడే సెలవు చీటీ రాసిచ్చాను.

నేను రాగానే నువ్వు బయల్దేరాలి. ఒకే ఇంట్లో ఉంటే నువ్వు నిద్రపోవు, ఆయన దగ్గినప్పుడల్లా లేస్తావు. మా ఇంటికి వెళ్ళు. మీ బావ బస్టాండుకు వస్తాడు. వీధి వైపు గది ఖాళీ చేసి, కిటికీకి ముదురు పరదా కట్టాం. పాపకు చెప్పి ఉంచాను, పిన్ని లేచేదాకా తలుపు తట్టొద్దని. ఓనరమ్మతో నేను మాట్లాడతాను. కావాలంటే నీ బదులు కొట్లో కూర్చుని గుండీలు కుడతాను, నా చేతి కుట్టు చూస్తే నిన్ను వెంటనే రమ్మంటుంది.

మందులు ఎప్పుడేం వెయ్యాలో కాగితం మీద రాసి పెట్టకు. వెళ్ళే ముందు నోటితో చెప్పు, గుర్తుంటాయి. కుక్కలకు చేసేదాన్ని, మామయ్యకు చెయ్యలేనా.

అక్క

*

అక్క ఇంటి నుంచి, వీధి వైపు గది

అక్కకు,

వచ్చిన రోజు చెప్పులు విప్పి మంచం మీద కూర్చోవడం గుర్తుంది. తరవాత లేచేసరికి బావ మర్నాటి పేపరు చదువుతున్నాడు. లేచి కంగారుగా దుప్పటి కోసం వెతికానట, తిప్పాలి, తిప్పాలి అన్నానట. పాప బెదిరిపోయింది. బావ కాఫీ ఇచ్చి, ఎవర్నీ తిప్పక్కర్లేదు తల్లీ, తాగి పడుకో అన్నాడు. తాగి పడుకున్నాను. మళ్ళీ నిన్న లేచాను.

ఈ మనిషి గురించా మామయ్య అంత గొడవ చేసింది? గిన్నెలు కూడా తోముతున్నాడు.

కుళాయి దాకా వెళ్ళి చూశాను. నువ్వు పీకి గోడకేసి బాదిన చోటు. కోపంలో ఏం చేశావో నీకు తెలుసా? మొక్కల్ని పీకి దులపడమే ఈ గింజ వేసే పద్ధతి. మామయ్య ఏళ్ళ తరబడి చేసినదే నువ్వూ చేశావు, ఇంకా గట్టిగా చేశావు. ఈ ఏడు ఆకులు, వచ్చే ఏడు ఆ గోడంతా గులాబీ రంగు. నాకు నవ్వాగలేదు. నీళ్ళకొచ్చిన వాళ్ళు నన్నూ చూశారు. మీ కుటుంబమంతా ఇంతేనా అనుకుని ఉంటారు.

అక్కడ ఎలా ఉంది? ఏమైనా అన్నాడా? ఆదివారానికి వచ్చేస్తాను. కాళ్ళలో బలం వచ్చింది.

చిట్టి

*

మామయ్య మంచం పక్క నుంచి

చిట్టికి,

గుమ్మం ఎక్కేటప్పుడు ఏదో అవుతుందని దారంతా అనుకుంటూ వచ్చాను. ఏమీ కాలేదు. చేతిలో సంచి బరువుగా ఉంది, ఎండలో నడిచొచ్చాను, ఎక్కేశాను. నువ్వు గుమ్మంలో నిలబడి నిద్ర కళ్ళతో నన్ను చూస్తుంటే గుమ్మం సంగతే మరిచిపోయాను.

మొదటి రోజు నువ్వు వెళ్ళగానే పని అందుకున్నాను. ఒళ్ళు తుడిచాను. తుడిపించుకున్నాడు గానీ కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఎంత చిక్కిపోయాడే! నువ్వు పర్వతమని రాశావు. నాకు అలా కనపడలేదు.

రెండో రోజు నీళ్ళు ఇస్తే తల తిప్పుకున్నాడు. అప్పుడు అన్నీ అనేశాను. పురుడు, వరండా, స్తంభం, కుళాయి గట్టు, ఏదీ మిగల్చలేదు. గ్లాసు చేతిలోనే ఉంది, సగం నీళ్ళు దుప్పటి మీద ఒలికాయి. ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నేను అలిసిపోయి ఆగాక, “రోడ్డు దాటాలనే వచ్చేవాణ్ణి. ప్రతిసారీ” అన్నాడు. మరెందుకు దాటలేదంటే గ్లాసు కోసం చెయ్యి చాపాడు. ఎందుకో ఆయనకే తెలియదేమో. మిగిలిన నీళ్ళు తాగాడు.

నేను క్షమించలేదు. ఆయన అడగనూ లేదు. పెరట్లో మడి బూడిద పట్టింది, పీకి దులపమని కర్రతో చూపించాడు. దులుపుతాను గానీ నా ప్యాంటుకు మడతలు లేవు, ఏ ఊరికీ మోసుకెళ్ళలేను అన్నాను. నవ్వాడో దగ్గాడో తెలియలేదు.

ఓనరమ్మను కలిశాను. వారం కాదు, నెలంతా తీసుకోమంది. ఆ పై నెల నుంచి మనం వంతులు వేసుకుందాం. నాకు సెలవు దొరికినప్పుడల్లా నేను, మిగతా రోజుల్లో నువ్వు. పగటిపూటకు మనిషిని పెడదాం. ఇది నేను ఒప్పుకున్న మాట, నువ్వు మళ్ళీ అడగనక్కర్లేదు.

ఇంకొకటి చెప్పాలి. నిన్న సాయంత్రం ఒళ్ళు తిప్పుతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. నా గురించి అడుగుతాడనుకున్నాను, పాప గురించి అడుగుతాడనుకున్నాను. అవేవీ కాదు.

“చిన్నది నిద్రపోతోందా?” అన్నాడు.

పోతోందన్నాను. నా చెయ్యి వదిలి, “అయితే లేపకు” అన్నాడు.

ఆదివారం రావద్దు.

అక్క